రోజూ సన్‌స్క్రీన్ అవసరమేనా? ఎండలో తిరిగే ఉద్యోగం నాది, తెలిసినవాళ్ళు చెప్పండి

నాగావళి_ఒడ్డు | శ్రీకాకుళం | ఏప్రిల్ 12, రాత్రి 9:10

అందరికీ నమస్కారం. నాకు 31 ఏళ్ళు. అంగన్‌వాడీ కేంద్రాల పర్యవేక్షణ నా పని. వారంలో ఐదు రోజులు స్కూటీ మీద గార మండలం పల్లెల్లో తిరుగుతాను. ఉదయం తొమ్మిదికి ఇల్లు వదిలితే మళ్ళీ గడప తొక్కేసరికి మూడవుతుంది. పాప పుట్టాక రెండు బుగ్గల మీద, ముక్కు మీద మంగు వచ్చింది. రెండేళ్ళయినా తగ్గలేదు సరికదా, ఈ వేసవిలో ఇంకా ముదిరింది. చర్మవ్యాధుల డాక్టరమ్మకు చూపిస్తే రాత్రి రాసుకోవడానికి ఒక క్రీము ఇచ్చి, "పగలు సన్‌స్క్రీన్ రాయకపోతే దీనికి పెట్టిన డబ్బు వృథా" అన్నారు.

ఎస్‌పీఎఫ్ 50 అని ఉన్నది ఒకటి కొన్నాను. 50 గ్రాములు 430 రూపాయలు. రాసుకుంటే ముఖం బూడిద పూసినట్టు కనిపిస్తోంది. కళింగపట్నం దారి పట్టాక చెమటకు కరిగి కళ్ళలోకి దిగుతోంది, బండి ఆపి కళ్ళు కడుక్కోవలసి వస్తోంది. మూడు రోజులు రాసి మానేశాను.

ఇంట్లో మా అత్తగారు, "అరసవల్లి స్వామి ఊళ్ళో పుట్టి పెరిగాం, సూర్యుడికి ముఖం దాచుకోవడం ఏమిటమ్మా?" అంటున్నారు. ఆవిడ మాట తీసిపారేయలేను. అరవై దాటినా ఆవిడ ముఖం మీద ఒక్క మచ్చ లేదు. ఇది నిజంగా రోజూ రాయాలా? ఎంత రాయాలి? సెలవు రోజు ఇంట్లో ఉన్నా రాయాలా? మన చెమటకు నిలిచేది ఉందా?

మూడులాంతర్ల_మాస్టారు | విజయనగరం | ఏప్రిల్ 12, రాత్రి 10:02

అమ్మా, నేను భౌతికశాస్త్రం చెప్పి పదవీ విరమణ చేసినవాణ్ణి. మందుల సంగతి వైద్యులు చెబుతారు, ఎండ సంగతి నేను చెబుతాను.

ఎండలో మనకు కనిపించేది వెలుతురు, ఒంటికి తగిలేది వేడి. ఈ రెండూ కాక కంటికి కనిపించని అతినీలలోహిత కిరణాలు ఉంటాయి. వాటిలో యూవీబీ చర్మాన్ని కమిలిస్తుంది. యూవీఏ ఇంకా లోపలికి దిగి నలుపును పెంచుతుంది, ముడతలు తెస్తుంది. యూవీబీని కిటికీ అద్దం చాలావరకు ఆపుతుంది, యూవీఏను అంతగా ఆపదు. వేడికీ వీటికీ సంబంధం లేదు. చల్లగాలి వీచే సముద్రపు ఒడ్డున కూడా ఇవి అంతే బలంగా ఉంటాయి. పలుచటి మబ్బు పట్టినా 80 శాతం దాకా దిగివస్తాయి. పొడి ఇసుక సుమారు 15 శాతాన్ని, అలల నురుగు 25 శాతాన్ని పైకి తిప్పికొడతాయి. మీరు తిరిగేది కళింగపట్నం తీరం కాబట్టి ఇది మీ లెక్కలో ఉండాలి.

మనం ఉన్నది 18 డిగ్రీల ఉత్తర అక్షాంశం దగ్గర. అంటే సూర్యుడు ఏడాదిలో రెండుసార్లు సరిగ్గా మన నడినెత్తికి వస్తాడు. మే 12, 13 ప్రాంతంలో ఒకసారి, జూలై ఆఖరున మరొకసారి. ఆ మిట్టమధ్యాహ్నం నిటారుగా పాతిన కర్రకు నీడే పడదు. మా పిల్లల చేత కళాశాల మైదానంలో చాలా ఏళ్ళు ఈ ప్రయోగం చేయించాను. అంత నిట్టనిలువుగా పడే కిరణాలకు గాలిపొరలో ప్రయాణం తక్కువ, అందుకే బలం ఎక్కువ. రోజు మొత్తంలో వచ్చే అతినీలలోహితంలో దాదాపు 60 శాతం ఉదయం 10కీ మధ్యాహ్నం 2కీ మధ్యే వస్తుంది.

ఏ పరికరమూ అక్కరలేని కొలత ఒకటుంది. మీ నీడ మీ కంటే పొట్టిగా ఉంటే ఎండ బలంగా ఉన్నట్టు. పొడుగ్గా ఉంటే తగ్గినట్టు. నీడను చూసుకుని బయలుదేరండి.

మందుల_చీటీ | ఆమదాలవలస | ఏప్రిల్ 13, ఉదయం 7:25

మందుల దుకాణం నడుపుతున్నాను. అమ్మేవాడిగా కొన్ని చెప్పాలి.

డబ్బా మీద ఎస్‌పీఎఫ్ అంకె యూవీబీకి మాత్రమే కొలత. 30 అంటే సుమారు 97 శాతం ఆపుతుంది, 50 అంటే 98 శాతం. కాబట్టి 30కి పైన ఏదైనా సరే, అంకె పెద్దదని వందలు ఎక్కువ పోయకండి. యూవీఏ కోసం పీఏ అనే గుర్తు చూడండి. అది జపాన్ వాళ్ళు 1996లో తెచ్చిన పద్ధతి, పక్కన కూడిక గుర్తులు ఎన్ని ఉంటే అంత కాపు. మంగు ఉన్నవాళ్ళు కనీసం మూడు ఉన్నది తీసుకోవాలి. గడువు తేదీ తప్పకుండా చూడండి.

ఇంకొక విషయం, ఇది చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. "మంగుకు ఏదైనా క్రీము ఇవ్వండి" అని మా దుకాణానికి వచ్చేవాళ్ళలో సగం మంది పక్కింటివాళ్ళు వాడిన ఖాళీ ట్యూబు చూపించి అదే కావాలంటారు. వాటిలో చాలావాటిలో స్టెరాయిడ్ ఉంటుంది. రాసిన పది రోజుల్లో ముఖం తళతళలాడుతుంది. నెలలు గడిచాక చర్మం పలుచబడుతుంది, ఎర్రటి నరాలు తేలుతాయి, మొటిమలు, రోమాలు వస్తాయి. మానేస్తే ముఖం మండిపోతుంది. ఎండలోకి అడుగు పెట్టలేరు. 2018లో ప్రభుత్వం ఇలాంటి స్టెరాయిడ్ పూతమందులను డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడని జాబితాలో చేర్చింది. నేను చీటీ లేనిదే ఇవ్వను. దానివల్ల బేరం పోతుంది, పోనివ్వండి. పెళ్ళికి ముందు ముఖం తెల్లబడాలని తల్లులే పిల్లలకు ఇవి రాస్తుంటే చూసి ఊరుకోవడం నా వల్ల కాదు.

ఉప్పుమడి | నౌపడ | ఏప్రిల్ 13, రాత్రి 8:40

పై మాటలన్నీ చదివాను. నాది వేరే ప్రశ్న. మా అమ్మ నౌపడ ఉప్పుమడుల్లో కూలి. జనవరి నుంచి వానలు పడేదాకా పని. కింద తెల్లటి ఉప్పు, నీళ్ళు, పైన ఎండ. మాస్టారు గారు ఇసుక గురించి చెప్పినప్పుడు నాకు అమ్మ ముఖమే గుర్తొచ్చింది. చీర కొంగు తల మీద కప్పుకున్నా గడ్డం కింద, ముక్కు కింద కూడా కమిలి ఉంటుంది. ఎండ కింది నుంచి కొడుతుంది కాబట్టే అని ఇప్పుడు అర్థమైంది.

చర్మ సంరక్షణ అనగానే అందరూ ఉద్యోగాలకు వెళ్ళేవాళ్ళ గురించే మాట్లాడతారు. ఎండ ఎక్కువ తినేది మా అమ్మలాంటివాళ్ళు. 430 రూపాయల ట్యూబు వాళ్ళకు ఎన్నాళ్ళొస్తుంది? వాళ్ళకు పనికొచ్చేది ఏమైనా ఉందా? కాలమైన్ లోషన్ ఇంట్లో ఉంది, అది చాలదా?

తెల్లకోటు | విజయనగరం | ఏప్రిల్ 14, తెల్లవారుజామున 1:15

చర్మవ్యాధుల విభాగంలో పీజీ చేస్తున్నాను. రాత్రి డ్యూటీ మధ్యలో రాస్తున్నాను. ముందుగా నాగావళి_ఒడ్డు గారికి.

ఎస్‌పీఎఫ్‌ను ప్రయోగశాలలో కొలిచేటప్పుడు చదరపు సెంటీమీటరు చర్మానికి 2 మిల్లీగ్రాములు రాస్తారు. మనం ఇంట్లో రాసేది అందులో సగమో పావో. అప్పుడు డబ్బా మీద 50 అని ఉన్నా ముఖానికి అందే కాపు అందులో చాలా తక్కువ. చూపుడు వేలు, మధ్య వేలు పొడవునా రెండు గీతలు పిండండి. అది ముఖానికీ మెడకూ. ఒకేసారి పూస్తే తెల్లగా తేలుతుంది కాబట్టి ఒక గీత రాసి, అయిదు నిమిషాలు ఆగి, రెండోది రాయండి. బయటికి వెళ్ళడానికి పావుగంట, ఇరవై నిమిషాల ముందు రాయాలి. చెవుల పైభాగం, మెడ వెనుక, అరచేతుల వెనుక మరచిపోకండి. రెండు గంటలకొకసారి మళ్ళీ రాయాలన్నది నియమం. మీ పనిలో కనీసం మధ్యాహ్నం భోజనానికి ముందు ఒకసారి ముఖం అద్దుకుని రాసుకోండి.

మంగుకు ఇంకో చిక్కు ఉంది. మన రంగు చర్మంలో అతినీలలోహితం ఒక్కటే కాదు, కంటికి కనిపించే వెలుతురు కూడా మంగును ముదురుస్తుంది. మామూలు సన్‌స్క్రీన్ ఆ వెలుతురును ఆపదు. ఐరన్ ఆక్సైడ్ కలిపిన, లేత గోధుమరంగులో ఉండే రంగు సన్‌స్క్రీన్లు ఆపుతాయి. మన ఛాయకు కలిసిపోతాయి కాబట్టి బూడిద పూసినట్టు కూడా ఉండవు. మీకు అదే సరైనది. హెల్మెట్ ముందు ఉండే పాలీకార్బొనేట్ అద్దం అతినీలలోహితాన్ని బాగానే ఆపుతుంది, వెలుతురును ఆపదు. అయినా దించుకునే నడపండి. కిటికీ పక్కన కూర్చునే సెలవు రోజున కూడా ఒకసారి రాయండి. లోపలి గదిలో ఉంటే అక్కరలేదు. డాక్టరమ్మ ఇచ్చిన రాత్రి క్రీమును ఆవిడ చెప్పిన గడువు దాటి మాత్రం వాడకండి.

మన చామనఛాయలో మెలనిన్ అనే నల్లరంగు పదార్థం ఉంది. అది పుట్టుకతో వచ్చిన కాపు. తెల్లవాళ్ళతో పోలిస్తే మనకు చర్మ క్యాన్సర్ ముప్పు చాలా తక్కువ. కాబట్టి సన్‌స్క్రీన్ రాయకపోతే ఏదో ప్రమాదం ముంచుకొస్తుందని ఎవరైనా భయపెడితే నమ్మకండి. మనకు దీని అవసరం మంగు, నల్లమచ్చలు, ముడతలు, ఎండ పడని జబ్బుల వల్ల. లూపస్ లాంటి ఎండ పడని జబ్బు ఉన్నవాళ్ళకు, చర్మం ఎండకు తొందరగా కమిలేలా చేసే డాక్సీసైక్లిన్ లాంటి మందులు వాడేవాళ్ళకు ఇది ఇంకా ముఖ్యం.

ఉప్పుమడి గారూ, మీ ప్రశ్నకు పొద్దున జవాబు రాస్తాను. తొందరలో రాయదగ్గ ప్రశ్న కాదు అది.

పొందూరు_పోగు | పొందూరు | ఏప్రిల్ 14, ఉదయం 6:50

మాది నేత కుటుంబం. వాలుగ చేప దవడతో పత్తిని ఏకి, సన్నటి నూలు వడికే ఊరు మాది. రసాయనాలు ఎందుకు? పొడుగు చేతుల ఖద్దరు చొక్కా, తలకు తుండుగుడ్డ చాలవా? మా తాతగారు అలాగే బతికారు.

మూడులాంతర్ల_మాస్టారు | విజయనగరం | ఏప్రిల్ 14, ఉదయం 7:30

గుడ్డ మంచి కాపు అన్నది నిజం. అయితే ఏ గుడ్డ అన్నదే ప్రశ్న. మీ ఊరి నూరో నంబరు సన్న నూలు చీరను కిటికీకి అడ్డంగా పట్టి చూడండి. అవతల కొమ్మలు కనిపిస్తాయి. వెలుతురు దూరే సందులోనుంచి కిరణాలూ దూరుతాయి. చెమటకు తడిస్తే మామూలు నూలుగుడ్డ కాపు ఇంకా తగ్గుతుంది. వెలుతురుకు అడ్డంగా పట్టినప్పుడు అవతల ఏమీ కనిపించని చిక్కటి నేత, ముదురు రంగు ఉంటే చాలా మేలు.

పొందూరు_పోగు | పొందూరు | ఏప్రిల్ 14, ఉదయం 9:05

పట్టి చూశాను మాస్టారూ. మీరన్నది నిజమే. సన్న నూలు ఉక్కపోతకు హాయి గానీ ఎండకు అడ్డు కాదు. తక్కువ నంబరు ముతక నూలు దుప్పటి గుడ్డను పట్టి చూస్తే అవతల ఏమీ కనిపించలేదు. పొలానికి వెళ్ళే మా పెద్దలు తలపాగా ముతక గుడ్డతోనే చుట్టేవారు, అదీ నాలుగైదు మడతలు. ఇప్పుడు గుర్తొస్తోంది.

తెల్లకోటు | విజయనగరం | ఏప్రిల్ 14, ఉదయం 10:20

ఉప్పుమడి గారూ, లెక్క ముందు చెబుతాను. ముఖానికీ మెడకూ ఒకసారికి గ్రాము, గ్రామున్నర పడుతుంది. రోజుకు రెండుసార్లు రాస్తే 50 గ్రాములు మూడు వారాలు కూడా రావడం కష్టం. కూలి డబ్బుల్లో అది భారం. కాబట్టి అమ్మగారి డబ్బు ముందు సన్‌స్క్రీన్ మీద పెట్టించకండి. చుట్టూ నాలుగు వేళ్ళ అంచు ఉన్న టోపీ, దాని కింద మెడ కప్పే ముతక గుడ్డ, పొడుగు చేతుల చొక్కా ముందు కొనండి. పని వేళలు కుదిరితే తెల్లవారుజామునా, సాయంత్రమూ ఉప్పు గీయమనండి. ఈ మూడూ చేసే మేలు ఏ ట్యూబూ చేయదు.

అయితే మీరన్నట్టు ఉప్పు నుంచి, నీళ్ళ నుంచి పైకి వచ్చే కిరణాలను టోపీ ఆపదు. ముక్కు, బుగ్గలు, పెదవుల చుట్టూ, గడ్డం కింద మాత్రం జింక్ ఆక్సైడ్ ఉన్న సన్‌స్క్రీన్ రాయిస్తే సరిపోతుంది. అప్పుడు ఒక ట్యూబు నెలకు పైగా వస్తుంది. కాలమైన్‌లో జింక్ ఆక్సైడ్, ఐరన్ ఆక్సైడ్ ఉన్న మాట నిజమే కానీ అది దురద తగ్గించడానికి చేసినది. ఎండిపోయి పొడిగా రాలుతుంది. ఎండకు ఎంత కాపు ఇస్తుందో దాని మీద కొలత రాసి ఉండదు. నల్లకళ్ళజోడు ఒకటి తప్పకుండా ఇప్పించండి, యూవీ 400 అని రాసి ఉన్నది. ఉప్పు మెరుపు కళ్ళకు మంచిది కాదు. శుక్లాలు ముందుగా రావడానికి ఎండ ఒక కారణం.

అరసవల్లి_వీధి | శ్రీకాకుళం | ఏప్రిల్ 14, మధ్యాహ్నం 3:30

నాగావళి తల్లీ, మీ అత్తగారి వయసు దానిని నేను. ఆవిడ మాటకు జవాబు నేను చెబితే బాగుంటుందని రాస్తున్నాను.

మార్చిలోనూ అక్టోబరులోనూ స్వామి పాదాల మీద కిరణాలు పడే రోజులుంటాయి కదా. అవి పడేది ఏ వేళ? పొద్దు పొడిచిన కాసేపటికే. రథసప్తమి నాడు జిల్లేడాకులు తలమీదా భుజాలమీదా పెట్టుకుని స్నానం చేసేది ఏ వేళ? తెల్లవారేలోపే. నేను పుట్టింది ఈ వీధిలోనే. మిట్టమధ్యాహ్నం నడివీధిలో నిలబడి ముఖం ఎండబెట్టుకోమని ఏ పెద్దలూ చెప్పలేదు. ఆ వేళకు మా అమ్మ మమ్మల్ని అరుగు దిగనిచ్చేది కాదు. కొంగు తలమీద లేకుండా పెరట్లోకి కూడా వెళ్ళేవాళ్ళం కాదు. మీ అత్తగారి ముఖం మచ్చ లేకుండా ఉందంటే ఆవిడ రోజంతా స్కూటీ మీద తిరగకపోవడం కూడా కారణమే. ఆరోగ్యం భాస్కరుణ్ణి అడగాలన్నారు పెద్దలు. ఆయన ఇచ్చే వేళ ఉదయం. ఆ వేళ వెళ్ళి మొక్కండి, తొమ్మిది దాటాక క్రీము రాసుకోండి. స్వామికి కోపం రాదు.

మూడులాంతర్ల_మాస్టారు | విజయనగరం | ఏప్రిల్ 14, సాయంత్రం 5:10

అమ్మగారు చెప్పినది శాస్త్రానికీ సరిపోతుంది. పొద్దు పొడిచే వేళ కిరణాలు ఏటవాలుగా, ఎక్కువ గాలిపొర దాటి వస్తాయి కాబట్టి అతినీలలోహితం చాలా తక్కువ.

ఆముదాల_నూనె | బొబ్బిలి | ఏప్రిల్ 14, రాత్రి 8:00

విటమిన్ డి సంగతి? రోజూ రాస్తే ఎముకలు బలహీనపడతాయని విన్నాను.

తెల్లకోటు | విజయనగరం | ఏప్రిల్ 14, రాత్రి 11:40

మామూలుగా వాడేవాళ్ళలో విటమిన్ డి పడిపోవడం కనిపించలేదు. ఎవరూ ఒళ్ళంతా, అంత మందంగా, రోజంతా రాయరు. చేతులకూ కాళ్ళకూ కాసేపు ఎండ తగిలితే శరీరం తయారుచేసుకుంటుంది. దానికి కావలసినది యూవీబీ, కాబట్టి అద్దం వెనుక కూర్చుంటే రాదు. ఒళ్ళునొప్పులు ఎక్కువగా ఉంటే రక్తపరీక్ష చేయించి, తక్కువ ఉంటే మాత్రలు వాడాలి. మంగు ఉన్న ముఖాన్ని దాని కోసం ఎండబెట్టకండి. పసిపిల్లల సంగతి కూడా చెబుతాను, ఎవరైనా అడిగేలోపు. ఆరు నెలలలోపు వాళ్ళకు సన్‌స్క్రీన్ వద్దు, నీడే వాళ్ళకు మందు.

రహదారి_16 | టెక్కలి | ఏప్రిల్ 15, ఉదయం 5:50

ఇది ఆడవాళ్ళ విషయమని మగవాళ్ళు చదవడం మానేస్తారేమోనని రాస్తున్నాను. మా నాన్నగారు 22 ఏళ్ళు ఇచ్ఛాపురం నుంచి విశాఖ దాకా లారీ నడిపారు. కుడి బుగ్గ, కుడి చేయి తలుపు వైపు. ఇప్పుడు ఎదురుగా కూర్చుని చూస్తే కుడి చెంప మీద ముడతలు ఎక్కువ, రంగు ఎక్కువ, ఎడమ చెంప పదేళ్ళు చిన్నవాడిలా ఉంటుంది. ఆయనకు ఎవరూ చెప్పలేదు. నేను బండి మీద సరుకు చేరవేసే పని చేస్తున్నాను, నిరుటి నుంచి రాస్తున్నాను.

ఒక హెచ్చరిక. నలుపు పోతుందని ఒక సెలూన్‌లో నా ముఖానికి నిమ్మరసం పట్టించి, అలాగే పంపేశారు. ఎండలో గంట తిరిగాను. మర్నాటికి బొబ్బలు, తరువాత నెలల తరబడి నల్లటి చారలు. డాక్టరు చెబితే తెలిసింది, నిమ్మలో ఉండే ఒక పదార్థం ఎండ తగిలితే చర్మాన్ని కాలుస్తుందట. పసుపు, శనగపిండి, మీగడ స్నానానికి వాడుకోండి, కడిగేసుకోండి. నిమ్మ రాసుకుని మాత్రం గడప దాటకండి.

నాగావళి_ఒడ్డు | శ్రీకాకుళం | ఏప్రిల్ 15, రాత్రి 9:30

అందరికీ చేతులెత్తి నమస్కరిస్తున్నాను. అమ్మగారు రాసినది అత్తగారికి చదివి వినిపించాను. "అవును, మధ్యాహ్నం మా అమ్మా బయటికి పోనిచ్చేది కాదు" అన్నారు. ఇంక రెండే సందేహాలు. కళ్ళ మంటకు ఏం చేయాలి? ట్యూబు స్కూటీ సీటు కింద పెట్టుకోవచ్చా?

మందుల_చీటీ | ఆమదాలవలస | ఏప్రిల్ 15, రాత్రి 9:55

సీటు కింద పెట్టకండి, ఆ వేడికి మందు విడిపోతుంది. ఒకసారి నీళ్ళూ నూనే వేరైనట్టు వస్తే ఇక వాడకూడదు. భుజం సంచిలో, తడిగుడ్డ చుట్టిన నీళ్ళసీసా పక్కన పెట్టుకోండి. కళ్ళ మంటకు, కళ్ళ చుట్టూ మాత్రం జింక్ ఆక్సైడ్ ఒక్కటే ఉన్నది రాయండి, అది తక్కువ మండుతుంది. నుదుటి మీద కనుబొమలకు కాస్త పైనే ఆపేసి, హెల్మెట్ లోపల నుదుటికి పలుచటి నూలుపట్టీ కట్టుకోండి. చెమట కళ్ళలోకి దిగదు. నీటికి తట్టుకునేదని డబ్బా మీద రాసి ఉంటే పక్కన 40 నిమిషాలో 80 నిమిషాలో కూడా రాసి ఉంటుంది, 80 ఉన్నది తీసుకోండి.

నాగావళి_ఒడ్డు | శ్రీకాకుళం | జూన్ 21, రాత్రి 8:15

రెండు నెలలు దాటింది, చెప్పి వెళ్దామని వచ్చాను. గోధుమరంగు సన్‌స్క్రీన్ వాడుతున్నాను. పొద్దున ఎనిమిదీ ముప్పావుకు ఒకసారి, ఒంటిగంటకు ఏ కేంద్రంలో ఉంటే అక్కడ ఒకసారి. మొదటి వారం మానేద్దామనిపించింది. నుదుటి పట్టీ కట్టాక మంట లేదు. మంగు పోలేదు. కానీ ప్రతి మే నెలలోనూ ముదిరేది ఈ ఏడు ముదరలేదు, అంచులు కాస్త మసకబారాయి. డాక్టరమ్మ రాత్రి క్రీము ఆపించి, సన్‌స్క్రీన్ మాత్రం కొనసాగించమన్నారు. అంగన్‌వాడీ టీచర్లు నలుగురు అడిగి రాసుకోవడం మొదలుపెట్టారు. ఉప్పుమడి గారూ, మీ అమ్మగారు ఎలా ఉన్నారు?

ఉప్పుమడి | నౌపడ | జూన్ 22, ఉదయం 6:05

బాగున్నారు అక్కా. టోపీ మొదట పెట్టుకోనంది, తోటివాళ్ళు చూస్తారని. చివరికి కొంగు కప్పుకుని, దాని మీద పెట్టుకోవడానికి ఒప్పుకుంది. నల్లకళ్ళజోడు మాత్రం మొదటి రోజే నచ్చింది, సాయంత్రం కళ్ళు గుంజడం తగ్గిందట. క్రీము ముక్కుకూ బుగ్గలకూ గడ్డం కిందా రాస్తోంది. రెండు గంటలకోసారి కుదరదు, చేతులకు ఉప్పుంటుంది. పదిన్నరకు గట్టు మీద తుమ్మచెట్టు నీడలో అన్నం తిన్నాక, చేతులు కడుక్కుని ఒకసారి రాస్తుంది. పక్క మడి ఆవిడకు కూడా కాస్త పెడుతోంది, అందుకని ట్యూబు తొందరగా అయిపోతోంది. వచ్చే జనవరికి రెండు కొంటాను.